లారీ ఓనరే పక్కన షాపు పెడితే?

ఆసియాలో శాటిలైట్ టీవీ జోరు ఒక సెకండ్ హ్యాండ్ శాటిలైట్‌తో మొదలైందంటే నమ్ముతారా? 1984లో వెస్టార్-6 సరైన కక్ష్యకు చేరలేదు. స్పేస్ షటిల్ వెళ్లి దాన్ని పట్టుకొచ్చింది. దాన్నే బాగుచేసి 1990లో చైనా రాకెట్ మీద ఏషియాశాట్-1గా పంపారు. మరుసటి ఏడాది స్టార్ టీవీ దాని మీదే వచ్చింది.

అప్పటి బిజినెస్ అపార్ట్‌మెంట్ కట్టినట్టే. 36 వేల కిలోమీటర్ల ఎత్తులో ఒక శాటిలైట్ పెట్టి, పదిహేనేళ్లు ఛానెళ్ల దగ్గర అద్దె తీసుకోవడమే. ఇప్పుడు మనం చూసేదంతా ఫోన్‌లోనే కదా! అందుకే ఈ కంపెనీలు ఇంటర్నెట్ వైపు తిరిగాయి.

అసలు ట్విస్ట్ ఇక్కడుంది. దీవుల్లోని స్కూళ్లకు, ఆసుపత్రులకు నెట్ ఇద్దామని ఇండోనేషియా 2023 జూన్‌లో 150 జీబీపీఎస్ సాత్రియా-1ని పంపింది. ఎవరి రాకెట్? స్పేస్‌ఎక్స్‌ది! ఏడాది తిరక్కుండానే, 2024 మేలో మస్క్ బాలీకి వచ్చి ఒక హెల్త్ సెంటర్‌లో స్టార్‌లింక్ ప్రారంభించాడు. సరుకు మోసిన లారీ ఓనరే పక్కన షాపు పెట్టాడన్నమాట. పైగా ఆ శాటిలైట్లు దాదాపు 550 కిలోమీటర్ల ఎత్తులోనే తిరుగుతాయి. పింగ్ ఎంత తగ్గుతుందో గేమర్లకు చెప్పక్కర్లేదు.

మనదీ అదే కథ. 4,700 కిలోల జీశాట్-ఎన్2 మన ఎల్‌వీఎం3కి బరువెక్కువ. అందుకే 2024 నవంబర్‌లో ఫాల్కన్-9 ఎక్కింది. 2025 మార్చికల్లా జియో, ఎయిర్‌టెల్ రెండూ స్టార్‌లింక్‌తో ఒప్పందం చేసుకున్నాయి.

అలాగని సాత్రియా దండగ అని నేననను. పింగ్ ఎక్కువే, కానీ స్విచ్ ఇండోనేషియా చేతిలోనే ఉంది. టవర్ లేని ఊళ్లో మీరుంటే ఏది తీసుకుంటారు? కామెంట్లో చెప్పండి.