శీతోష్ణస్థితి మార్పు – మన గంజాం తీరము

(పాఠశాల వార్షికోత్సవ సభలో సంఘము పక్షమున చేసిన ఉపన్యాస పాఠము)

 

శాస్త్రవిషయమొకటి అందరికిని తెలియునట్లు చెప్పవలెనని సంఘ కార్యవర్గము మమ్ము కోరినది. మేము శీతోష్ణస్థితి మార్పును ఎన్నుకొంటిమి. దీనిని గూర్చి మీరు పాఠ్యపుస్తకములలో చదివియే ఉందురు. అచ్చట సాధారణముగా కరగుచున్న మంచుదిమ్మయు, దానిపై నిలిచిన తెల్లని ఎలుగుబంటియు బొమ్మగా కనిపించును. ఆ బొమ్మను చూచిన బాలునకు ఇది ఎక్కడనో దూరదేశమున జరుగు సంగతియని తోచుట సహజము. కావున మన జిల్లా తీరమునే ఉదాహరణముగా తీసికొని, ఈ మార్పునకు కారణములేవి, ఫలితములేవి, అందులో మన చేతనున్నది ఎంత అని విచారింతము.

నేటి గంజాం జిల్లా ప్రాంతము 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒడిశా రాష్ట్రము ఏర్పడువరకు మద్రాసు రాజధానిలో ఉండెను. ఎల్లలు మారినవి గాని, తీరమున చేపలు పట్టి జీవించు తెలుగు కుటుంబములు తరతరములుగా ఇచ్చటనే ఉన్నవి. ఒడియా సోదరులు వీరిని నోలియాలందురు. ఋషికుల్యా నది సముద్రములో కలియు చోటికి చేరువనున్న పొడంపేట అట్టి గ్రామము. సముద్రము ఆ ఊరి ఇండ్లను ఏటేట కొంచెము కొంచెముగా కోసివేసినది. జనులు పాత ఊరు విడిచి, తీరమునకు లోపలివైపున కట్టిన క్రొత్త ఇండ్లకు తరలిపోవలసి వచ్చినది. పాత ఊరిలో మొండిగోడలు మిగిలినవి.

సముద్రమునకు కోపము వచ్చినదని పెద్దలందురు. ఆ మాటను మేము పరిహసింపము. అయితే కోపమునకు కారణముండును గదా. ఆ కారణమును వెదకుటయే శాస్త్రము పని.

మొదట రెండు మాటల భేదమును గుర్తింపుడు. నేటి ఎండ, రేపటి వాన వాతావరణము. ఒక ప్రదేశమున అనేక సంవత్సరముల పాటు కొలిచిన ఎండవానల సగటు శీతోష్ణస్థితి. దీనికి శాస్త్రజ్ఞులు సాధారణముగా 30 సంవత్సరముల కాలమును తీసికొందురు. మన రైతులకు కార్తెల లెక్క కలదు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులునని, మృగశిర ప్రవేశించిన చల్లబడునని వారెరుగుదురు. ఒక యేడు మృగశిరలో వాన పడకున్నంత మాత్రమున శీతోష్ణస్థితి మారినదనరాదు. ఒక తరము పాటు లెక్కలన్నియు ఒకే దిక్కునకు జరుగుచుండినచో, అప్పుడు మారినదనవలెను. నేడు ప్రపంచమంతట జరుగుచున్నది ఇదియే. 2024వ సంవత్సరము అంతకు ముందు కొలిచిన అన్ని సంవత్సరములకంటె వేడియైనది. 1850–1900 నాటి సగటుకంటె ఆ యేటి భూగోళపు సగటు ఉష్ణోగ్రత సుమారు 1.5 సెంటీగ్రేడు డిగ్రీలు అధికము.

ఒకటిన్నర డిగ్రీ ఏపాటి అని మీరడుగవచ్చును. మన దేహపు వేడి 37 డిగ్రీలు. అది 38న్నర అయినచో తల్లి బిడ్డను పాఠశాలకు పంపదు. భూమికిని అట్లే.

ఇక కారణము. సూర్యుని వెలుగు గాలిపొరను దాటి వచ్చి నేలను వేడిచేయును. వేడెక్కిన నేల ఆ వేడిని కంటికి కనబడని కిరణముల రూపమున తిరిగి పైకి పంపును. గాలిలోని నీటి ఆవిరి, బొగ్గుపులుసు వాయువు, మీథేను మొదలైనవి ఆ కిరణములను కొంత పట్టి, తిరిగి క్రిందికి పంపును. చలిరాత్రి కప్పుకొన్న కంబళి వంటిది ఈ వాయువుల పొర. ఇది బొత్తిగా లేకున్నచో భూమి సగటు ఉష్ణోగ్రత సున్నకు 18 డిగ్రీలు దిగువన ఉండెడిది. కనుక కంబళి దోషము కాదు. నానాటికి దాని మందము పెరుగుటయే దోషము.

ఇది నిన్నమొన్న కనిపెట్టిన సంగతి కాదు. ఈ వాయువులు వేడిని పట్టియుంచునని జాన్ టిండాల్ 1859లో ప్రయోగముచేసి చూపెను. బొగ్గుపులుసు వాయువు రెట్టింపైనచో భూమి ఎంత వేడెక్కునో స్వీడను శాస్త్రజ్ఞుడు ఆరీనియస్ 1896లో లెక్కవేసెను. 1958లో చార్లెస్ కీలింగ్ హవాయి ద్వీపములోని మౌనాలోవా కొండపై ఆ వాయువును ఎడతెగక కొలుచుటకు ప్రారంభించెను. యంత్రయుగమునకు పూర్వము పది లక్షల పాళ్ళ గాలిలో ఆ వాయువు సుమారు 280 పాళ్ళు. కీలింగ్ కొలుచుట మొదలిడినపుడు 315 పాళ్ళు. నేడు 420 పాళ్ళు మించినది.

సూర్యుడే ఎక్కువ వేడిని పంపుచున్నాడేమో అని కొందరందురు. అడుగదగిన ప్రశ్నయే. అట్లయినచో వాయుమండలపు పైపొరయు వేడెక్కవలెను. కొలిచి చూడగా క్రిందిపొర వేడెక్కుచుండ పైపొర చల్లబడుచున్నది. వేడి క్రిందనే చిక్కుకొనుచున్నదనుటకు ఇది సాక్ష్యము.

ఆ వాయువు ఎచ్చటనుండి వచ్చినది? ముఖ్యముగా బొగ్గు, రాతినూనె, సహజవాయువు మండించుటవలన. పిదప అడవులను నరకుటవలన. కోట్లకొలది సంవత్సరములు భూగర్భమున దాగియుండిన కర్బనమును మానవుడు రెండు మూడు శతాబ్దములలో గాలిలోనికి వదలినాడు. ఇందు అందరి పాలు సమానము కాదు. అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఒక్కొక్క మనిషి లెక్కకు ఏటికి సుమారు 14 టన్నుల బొగ్గుపులుసు వాయువు వెలువడుచుండ, మన దేశమున సుమారు 2 టన్నులు. తెప్పపై సముద్రమునకు పోవు మత్స్యకారుని పాలు అంతకంటెను ఎంతో స్వల్పము. తప్పు తక్కువైనవారికే దెబ్బ ముందుగా తగులుట ఈ విషయములోని గొప్ప అన్యాయము.

అట్లని మనకేమియు సంబంధము లేదనుట సరికాదు. మన రాష్ట్రములోని తాల్చేరు గనులును, తెలుగునాటి సింగరేణి గనులును దేశమునకు విద్యుత్తునిచ్చు బొగ్గును త్రవ్వుచున్నవి. ఈ సభలో వెలుగుచున్న దీపములలోను ఆ బొగ్గు పాలు ఉండవచ్చును. ఎడతెగక నీరు నిలిపిన వరిచేలనుండి మీథేను పుట్టును. నడుమ నడుమ నీరు తీసి ఆరబెట్టినచో అది తగ్గును. వేలమందికి అన్నము పెట్టుచున్న పనులను ఒక్కనాట ఆపుట కుదరదు. వాటికి బదులుగా సూర్యుని వెలుగును, గాలిని వినియోగించు పద్ధతులను పెంచుచు పోవలెను. 2070 నాటికి తన లెక్కను సున్నకు తెచ్చుకొందునని మన దేశము 2021లో గ్లాస్గో సభలో మాట ఇచ్చినది. ఆనాటికి ఈ పాఠశాల బాలబాలికలు తాతలును అవ్వలును అగుదురు. ఆ మాటను నెరవేర్చు భారము మీదే.

ఇక ఫలితములు. అధికమైన వేడిలో పదింట తొమ్మిది పాళ్ళు సముద్రమే పీల్చుకొన్నది. వేడెక్కిన నీరు వ్యాకోచించును. కొండలపైని, ధ్రువములలోని మంచు కరగి సముద్రమున చేరును. ఈ రెండింటివలన 1901 నుండి 2018 వరకు ప్రపంచపు సముద్రమట్టము సుమారు 20 సెంటీమీటర్లు పెరిగినది. ఈ మధ్య ఏటికి 3 మిల్లీమీటర్లకు పైబడి పెరుగుచున్నది. జానెడు నీరే అనుకొనరాదు. ఉప్పెన ఆ జానెడు మెట్టుపై నిలిచి వచ్చును.

అయితే పొడంపేటను తినివేసినది ఇదియొక్కటే అని చెప్పుట శాస్త్రము కాదు. మన తీరమున అలలు ఇసుకను ఏడాది మొత్తముమీద దక్షిణమునుండి ఉత్తరమునకు నడిపించును. రేవులకై సముద్రములోనికి కట్టిన రాతిగట్లు ఆ ఇసుకను అడ్డగించినచో, గట్టునకు ఉత్తరమునున్న తీరము కోతపడును. నదులపై ఆనకట్టలు కట్టినచో ఒండ్రు దిగువకు రాదు. నదీముఖము తానుగా చోటు మార్చుకొనుటయు కలదు. ఇన్ని కారణములు కలిసిన చోట అన్నియు శీతోష్ణస్థితి మీదికి నెట్టినచో మన గట్టులను మనము సరిచూచుకొనము. అన్నియు గట్టుల మీదికి నెట్టినచో ప్రపంచమునకు మన న్యాయమును వినిపింపలేము. ఏ పాలు ఎంత అని విడదీసి చూచుట నేర్చుకొనుడు. నష్టపడినవారికి న్యాయము జరుగుటకు అదియే మొదటి మెట్టు.

తుఫానుల మాట. సుమారు 27 డిగ్రీలకు తగ్గని సముద్రజలము తుఫానునకు ఆహారము. గాలి ఒక డిగ్రీ వేడెక్కినచో సుమారు నూటికి 7 వంతులు ఎక్కువ ఆవిరిని మోయగలదు. అందుచే తుఫానుల సంఖ్య పెరుగకపోయినను, పుట్టినవానిలో ఉగ్రమైనవాని పాలు పెరుగుననియు, అవి కురియు వాన హెచ్చుననియు శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. 1999 అక్టోబరు 17న ఒక తుఫాను గోపాలపురము వద్ద తీరము దాటి మన జిల్లాను దెబ్బతీసినది. అదే నెల 29న పారాదీపు వద్ద మహాతుఫాను దాటినది. సుమారు పదివేలమంది మరణించిరి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపురము వద్దనే దాటినది. 2018 అక్టోబరు 11న తిత్లీ శ్రీకాకుళము తీరమున దాటి, అచ్చటి కొబ్బరి, జీడిమామిడి తోటలను నేలకూల్చి, మన గంజాం, గజపతి జిల్లాలను వరదలలో ముంచినది.

ఎండదెబ్బ తుఫానువలె చప్పుడు చేయదు. 1998 వేసవిలో ఒడిశాలో రెండువేలమందికి పైగా వడదెబ్బకు బలియైరి. 2015లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణములలోను రెండువేలమందికి పైగా మరణించిరి. తీరమున గాలిలో తడి అధికమగుటచే చెమట ఆరదు, దేహము చల్లబడదు. కూలివారికిని, ఇసుకపై చేపలెండబెట్టు స్త్రీలకును ఇది ప్రాణసంకటము. ఋషికుల్యా ముఖమున వేలకొలది గ్రుడ్లుపెట్టు సముద్రపు తాబేళ్ళను మీరు చూచియుందురు. గ్రుడ్డులోని పిల్ల ఆడదో మగదో నిర్ణయించునది ఇసుక వేడిమియే. వేడి హెచ్చినచో పుట్టునవి ఎక్కువగా ఆడపిల్లలే అగును. మగవి కరవైనచో ఆ జాతి గతి ఏమగునో ఆలోచింపుడు.

ఇంతవరకు చెప్పినది విని నిరుత్సాహపడవలదు. 1999 మహాతుఫానును ఫైలిన్‌ను పోల్చి చూడుడు. రెండును సమానమని మేమనము. 1999 నాటి ఉప్పెన ఎక్కువ ఎత్తున వచ్చినది. అయినను ఫైలిన్ గాలి గంటకు 200 కిలోమీటర్లు మించినను, మృతుల సంఖ్య పదులలోనే నిలిచినది. ఏలన, 1999 చివరనే రాష్ట్ర ప్రభుత్వము విపత్తుల నిర్వహణకు ప్రత్యేక సంస్థను నెలకొల్పినది. తుఫాను ఆశ్రయ భవనములు లేచినవి. ఫైలిన్ రాకమునుపే దాదాపు పది లక్షలమందిని సురక్షిత స్థలములకు చేర్చిరి. గాలిని ఎవ్వరును ఆపలేదు. వార్త ముందుగా అందినది. అందినవారు దానిని నమ్మి కదలిరి.

ఇచ్చటనే మన సంఘమునకును, మన పాఠశాలకును పని ఉన్నది. హెచ్చరిక తలుపు తట్టినను, అది ఇంటివారి భాషలో లేకున్నచో సగమే అందినట్లు. హైదరాబాదులోని జాతీయ మహాసముద్ర సమాచార కేంద్రము అలల తీరును, చేపలు దొరకు తావులను తెలుగు, ఒడియా మొదలైన భాషలలో తెలుపుచున్నది. దానిని చదివి వినిపించువారు ప్రతి పేటలోను ఉండవలెను. మీరు తెలుగు, ఒడియా రెండును చదువగలవారు. మీ అవ్వకు ఒడియా చదువ రాదు. అధికారికి మీ అవ్వ పలుకుబడి తెలియదు. ఆ ఇద్దరి నడుమ మీరు నిలువవలెను. మన జిల్లాలోని వెంకట్రాయిపురమను మత్స్యకార గ్రామమును 2020లో యునెస్కో సంస్థ సునామీకి సన్నద్ధమైన గ్రామముగా గుర్తించినది. సునామీ భూకంపమువలన పుట్టునది. దానికిని శీతోష్ణస్థితికిని సంబంధము లేదు. కాని ఎటు పరుగెత్తవలెను, ముసలివారిని ఎవరు మోయవలెను అని ముందుగా నిర్ణయించుకొను సన్నద్ధత ఒక్కటియే.

మరియొక సంగతి. ఊరు తరలినపుడు ప్రభుత్వము ఇల్లు కట్టి ఇయ్యగలదు. వలలల్లు చావడి, తెప్పలు లాగు ఇసుకమేట, గంగమ్మ గుడి, ఇరుగుపొరుగు వరుస ఆ ఇంటితో రావు. కుటుంబములు చెదరి దూరపట్టణములకు కూలికి పోయినచో పిల్లలు తెలుగు బడికి రారు. ఒక తరములో పలుకుబడి పోవును. కావున తీరమును కాపాడుటయు, మన భాషను కాపాడుటయు మనకు వేర్వేరు పనులు కావు.

చేయదగిన మూడు పనులు చెప్పి ముగించెదము. ఒకటి: పాఠశాల ఆవరణమున వానకొలపాత్ర నిలిపి, దినదినము వానను, ఎండను పుస్తకమున వ్రాయుడు, పైతరగతికి పోవునపుడు ఆ పుస్తకమును క్రింది తరగతికి అప్పగింపుడు. రెండు: తీరమున సరుగుడు మొక్కలను, మన జిల్లాకు పేరు తెచ్చిన మొగలిపొదలను నాటి పెంచుడు, మొగలి వేళ్ళు ఇసుకను పట్టియుంచును, దాని పూవు పేదవానికి కూడు పెట్టును. మూడు: మీ ఊరి పెద్దలను అడిగి, వారి చిన్ననాట సముద్రము ఎంత దూరమున ఉండెనో, ఏ ఇండ్లు, ఏ బావులు, ఏ చెట్లు ఎచ్చట ఉండెనో పటము గీసి వ్రాసి పెట్టుడు. నష్టపరిహారమునకై పోయిననాడు ఆ కాగితము సాక్ష్యమగును. ఆ ఊరు లేని నాడు మీ బిడ్డలకు అదియే ఊరగును.