కిడ్నీ మార్పిడి తర్వాతి ఆర్నెల్లు
(స్మారకోపన్యాసం, కాటన్‌పేట, బెంగళూరు)



ఒక పెద్దాయన జ్ఞాపకార్థం ఈ ఉపన్యాస నిధి నెలకొల్పిన కుటుంబం ఆయన పేరు అచ్చులో వేయొద్దని కోరింది. కాబట్టి నేనూ పెద్దాయన అనే అంటాను. ఈ పేటలోనే దూది వ్యాపారం చేసిన మనిషి. కిడ్నీ మార్పిడి జరిగిన ఆరో నెలలో పోయారు. పెట్టిన కిడ్నీ చివరిదాకా పనిచేస్తూనే ఉంది. ఆయన్ని తీసుకుపోయింది ఊపిరితిత్తుల్లో పెరిగిన ఫంగస్. అయినా ఆ మాట వచ్చినప్పుడల్లా చుట్టాలు ‘ఆపరేషన్ ఫెయిలైంది’ అంటారు. ఆపరేషన్ ఫెయిలవలేదు. మనం లెక్కలో వేసుకోనిది ఆ తర్వాతి ఆర్నెల్లు.

పరాయి అవయవాన్ని ఒంట్లో పెడితే రక్షక కణాలు దాని మీద పడతాయి. 1954 డిసెంబరులో బోస్టన్‌లోని పీటర్ బెంట్ బ్రిగమ్ ఆస్పత్రిలో జోసెఫ్ మర్రే చేసిన మార్పిడి నిలబడిందంటే, ఇచ్చినవాడూ పుచ్చుకున్నవాడూ ఒకే పోలిక కవలలు కాబట్టే. అంతకు మూడు దశాబ్దాల ముందు అదే ఆస్పత్రిలో కూటి కోసం రాత్రిపూట చిన్న ఉద్యోగం చేసినవారు మన భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారు. దారి మళ్లానంటే మళ్లాను గానీ, ఆయన పేరు ఒక ఫంగస్‌కు కూడా ఉంది. 1953లో హెసెల్టైన్ అనే శాస్త్రవేత్త మురుగునీటి శుద్ధి వడపోతల్లో దొరికిన ఒక ఫంగస్‌కు సుబ్బారోమైసిస్ అని పేరు పెట్టాడు. తెలుగువాళ్ళం విగ్రహాలకూ వీధులకూ పేర్లు పెట్టుకుంటాం. ఇదీ తక్కువ గౌరవమేం కాదు.

కవలలు కానివాళ్ళకు మార్పిడి చేయాలంటే రక్షక కణాల నోరు నొక్కాలి. ఆ పనికి వచ్చిన గొప్ప మందు సైక్లోస్పోరిన్. అది నార్వే మట్టిలో దొరికిన ఒక ఫంగస్ నుంచి వచ్చింది. అదే పనిచేసే మైకోఫెనొలేట్‌కు మూలం పెనిసిలియం జాతి బూజు. టాక్రోలిమస్ మాత్రం జపాన్ మట్టిలోని ఒక బాక్టీరియా ఇచ్చింది. బూజు ఇచ్చిన మందుతో కాపలా తగ్గించుకుని, ఆ సందులోంచి మరో బూజును లోపలికి రానిస్తున్నామన్నమాట.

ఏ ఫంగస్ ఎప్పుడు వస్తుందనేదానికి ఒక వరస ఉంది. మొదటి నెలలో ఎక్కువగా కాండిడా. కుట్లు, గొట్టాలు, నరానికి పెట్టిన లైన్లు దాని దారులు. ఆ తర్వాత ఆరో నెల దాకా ఆస్పర్‌జిల్లస్, న్యూమోసిస్టిస్. క్రిప్టోకాకస్ సాధారణంగా ఇంకా ఆలస్యంగా వస్తుంది. అమెరికాలో 2001 నుంచి 2006 దాకా 15 కేంద్రాల్లో లెక్క తీస్తే అవయవ మార్పిడి రోగుల ఫంగస్ జబ్బుల్లో 53 శాతం కాండిడా, 19 శాతం ఆస్పర్‌జిల్లస్. మ్యూకర్ వాటా చాలా చిన్నది. మన దేశంలో ఆ లెక్కను యథాతథంగా నమ్ముకోవడానికి లేదు. మనకు షుగరు ఎక్కువ. మార్పిడి తర్వాత వేసే స్టెరాయిడ్లు దాన్ని ఇంకా పెంచుతాయి. షుగరు పెరిగిన ఒళ్ళు మ్యూకర్‌కు పండగ. 2021 మే నెలలో కోవిడ్ రోగుల్లో ‘బ్లాక్ ఫంగస్’ పేరుతో దాన్ని అందరూ చూశారు. తెలంగాణ, కర్ణాటక దాన్ని తప్పనిసరిగా ప్రభుత్వానికి తెలియజేయాల్సిన జబ్బుగా ప్రకటించాయి, ఆంధ్రప్రదేశ్ ఆరోగ్యశ్రీలో చేర్చింది. జనానికి అది కొత్త జబ్బు. కిడ్నీ వార్డుల్లో పనిచేసే మాకు పాత శత్రువే.

గుర్తుపట్టడమే అసలు కష్టం. స్టెరాయిడ్ల మీద ఉన్న మనిషికి జ్వరం రాకపోవచ్చు. నాలుగు రోజుల పొడిదగ్గు, కాస్త ఆయాసం, అంతే. ఎక్స్‌రే మామూలుగానే ఉండొచ్చు, సీటీలో గడ్డలు కనబడతాయి. ఊపిరితిత్తిలోంచి తీసిన నీటిచుక్క మీద పొటాషియం హైడ్రాక్సైడ్ వేసి మైక్రోస్కోపు కింద పెడితే మనిషి కణాలు కరిగిపోతాయి, ఫంగస్ పోగులు మిగులుతాయి. సన్నగా, అడ్డుగోడలతో, వాలుగా చీలితే ఆస్పర్‌జిల్లస్ అయ్యుండొచ్చు. వెడల్పాటి రిబ్బను మడతలు పడ్డట్టుండి, దాదాపు లంబకోణంలో చీలితే మ్యూకర్. ఈ తేడా అరగంటలో తేలుతుంది, ప్రాణం దీనిమీదే ఆధారపడుతుంది. మొదటిదానికి వోరికొనజోల్ వాడతాం. రెండోదాని మీద అది పనిచేయదు. గాలక్టోమానన్ అనే రక్తపరీక్ష కూడా మ్యూకర్‌ను పట్టుకోలేదు. నెగెటివ్ వచ్చిందని ఇంటికి పంపడం పెద్ద పొరపాటు.

మ్యూకర్‌కు మందు ఆంఫోటెరిసిన్. మామూలు రకం కిడ్నీనే దెబ్బతీస్తుంది. ఎవరి కిడ్నీ కోసం ఇంత చేశామో ఆ కిడ్నీనే. అందుకే కొవ్వు పొరల్లో చుట్టిన లైపోసోమల్ రకం ఎక్కించాలి. కిలోకు 5 మిల్లీగ్రాముల చొప్పున 60 కిలోల మనిషికి రోజుకు 300, అంటే 50 మిల్లీగ్రాముల వయల్స్ ఆరు. అలా వారాల తరబడి. ఆపరేషన్ ఖర్చు కోసం పొలం అమ్మిన కుటుంబం దీన్నెక్కడ తెస్తుంది? మార్పిడికి సాయం చేసే ప్రతి పథకమూ, ప్రతి దాతా ఈ మందుకూ కొంత సొమ్ము మొదటే పక్కన పెట్టాలని నా వాదన.

వోరికొనజోల్‌దీ ఒక చిక్కుంది. అది టాక్రోలిమస్‌ను విచ్ఛిన్నం చేసే కాలేయపు ఎంజైమును ఆపేస్తుంది, దాంతో రక్తంలో టాక్రోలిమస్ స్థాయి అమాంతం పెరుగుతుంది. టాక్రోలిమస్‌ను మొదటే మూడోవంతుకు తగ్గించి, మాటిమాటికీ లెవెల్ చూడాలి. ఫంగస్ మందు ఆపిన రోజున మళ్ళీ పెంచాలి. ఈ రెండోది మరిచి కిడ్నీ పోగొట్టుకున్నవాళ్ళున్నారు. ఊళ్ళో మెడికల్ షాపులో చర్మానికని అడిగి తీసుకునే ఫ్లూకొనజోల్ మాత్ర కూడా ఇదే జాతి అని మా రోగుల్లో చాలామందికి తెలియదు.

ఇక ఈ పేట సంగతి. అనంతపురం, హిందూపురం, కర్నూలు నుంచి చెకప్పులకు వచ్చే మనవాళ్ళు మెజెస్టిక్‌లో బస్సు దిగి, చవకని ఇక్కడి లాడ్జీల్లో దిగుతారు. లాడ్జీల యజమానులు ఈ సభలోనూ ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను. మార్పిడి రోగి అని తెలిస్తే గోడ చెమ్మపట్టిన గది ఇవ్వకండి. మనిషి లోపలుండగా పొడి చీపురుతో ఊడ్చకుండా తడిగుడ్డతో తుడిపించండి. కిటికీ చూరు మీది పావురాల రెట్ట క్రిప్టోకాకస్‌కు నిలయం; దాన్ని నీళ్ళు చల్లి తడిపాకే, గది ఖాళీగా ఉన్నప్పుడు తీయించండి. పక్కన గోడ పగలగొడుతుంటే ఆ దుమ్ములో ఆస్పర్‌జిల్లస్ బీజాలుంటాయి, రోగిని అటువైపు గదిలోంచి మార్చండి. రోగులకు ఒక్క మాట: వారాల తరబడి తలనొప్పి వదలకపోతే అది మెదడు పొరలకు పాకిన క్రిప్టోకాకస్ కావచ్చు; మాత్ర వేసుకుని పడుకోకండి, వెన్నునీటి పరీక్ష అవసరమా అని మీ డాక్టరును నోరు తెరిచి అడగండి.