మత్తు డాక్టర్‌ను ఏం అడగాలి? ఆపరేషన్ ముందు భయం గురించి

ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ డేట్ ఫిక్స్ అయిందా? అయితే ఈ ఎపిసోడ్ మీకే.

మా లింగాల ఘనపూర్‌లో ఆపరేషన్ అనగానే జనగామకా, వరంగల్ ఎంజీఎంకా, హైదరాబాద్‌కా అని మాట్లాడుకుంటం. ఆరోగ్యశ్రీ వస్తదా, వెంట ఎవరుంటరు, వరికోతలు ఎట్ల అని లెక్కలేస్తం. పేషెంట్‌ను మాత్రం "నీకేం భయమైతుంది?" అని అడగం. వాళ్లే నోరు తెరిస్తే "ఏం గాదు, ధైర్యంగా ఉండు" అంటం. ఆ మాటతో భయం పోదు, లోపలికి పోతది.

మా పెద్దమ్మకు గర్భసంచి ఆపరేషన్. ఆమెకు కోత అంటే భయం లేదు. "మత్తుల నుంచి లేవకపోతే ఎట్ల బిడ్డా?" అన్నది. బీటెక్ చదివిన నా దగ్గర జవాబు లేదు. అందుకే మత్తు డాక్టర్ చూడ్డానికి వచ్చినప్పుడు ఆ ప్రశ్ననే ఆయన ముందర పెట్టినం.

నిజానికి ఇది పాత ప్రశ్నే. క్లోరోఫామ్‌తో కొందరు ఎందుకు చనిపోతున్నరో తేల్చడానికి 1888లో, 1889లో మన హైదరాబాద్‌లోనే రెండు కమిషన్లు కూర్చున్నయి. ఆరో నిజాం పైసలిచ్చిండు, డాక్టర్ ఎడ్వర్డ్ లారీ నడిపించిండు. ఆ కాలంలోనే ఇక్కడ రూపాబాయి ఫర్దూన్జీ అనే మహిళా డాక్టర్ పేషెంట్లకు క్లోరోఫామ్ ఇచ్చేవారు. ఊపిరి మీద కన్నేసి ఉంచితే చాలు, ముందు ఆగేది ఊపిరే అని కమిషన్ చెప్పింది. గుండె కూడా ఉన్నట్టుండి ఆగొచ్చని తర్వాత తేలింది. అందుకే ఇప్పుడు రెండూ చూస్తరు. వేలికి ఆక్సిజన్ క్లిప్, ఛాతీకి ఈసీజీ వైర్లు, చేతికి బీపీ పట్టీ పెడతరు.

"సూది వేసి వెళ్లిపోనమ్మా, అయిపోయేదాకా నీ తలకాడనే ఉంట" అన్నడు డాక్టర్. రిస్క్ అసలే లేదని మాత్రం అనలేదు. తర్వాత "ఏం గోలీలు వాడుతున్నవ్?" అని అడిగిండు. మోకాళ్ల నొప్పులకు గోలీలు మింగుతున్నట్టు పెద్దమ్మ అప్పుడు చెప్పింది. చెప్తే ఆపరేషన్ ఆపుతరేమోనని అన్ని రోజులు దాచింది! కొన్ని నొప్పి గోలీలతో రక్తం తొందరగా గడ్డకట్టదు. ఆపరేషన్ వారం వెనక్కి పోయింది. ఇంట్లో అందరం విసుక్కున్నం. పెద్దమ్మ మాత్రం ఆ రాత్రి మంచిగ నిద్రపోయింది.

ఇంకోటి, చాయ్. "పొద్దున కొంచెం తాగితే ఏంగాదు" అనేటోళ్లు ప్రతి వార్డులో ఉంటరు. మత్తులో కడుపులోనిది పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికొస్తది. మామూలుగా తిండి, పాల చాయ్ 6 గంటల ముందు, మంచినీళ్లు 2 గంటల ముందు బంద్ చేయాలి. మీ డాక్టర్ చెప్పిన టైమే ఫైనల్. పొరపాటున తాగితే దాచకండి, చెప్పేయండి.

ఫోన్ తీసి నోట్స్‌లో రాసుకోండి: ఏ మత్తు ఇస్తరు? నా గోలీల్లో ఏవి ఆపాలి? ఎప్పటినుంచి ఏం తినొద్దు? లేచినంక నొప్పికి ఏమిస్తరు? అన్నిటికంటే ముందు, ఈ రాత్రి మీ అమ్మనో బాపునో "నీకేం భయమైతుంది?" అని అడగండి. మధ్యలో ఆపకుండా వినండి. మళ్లీ కలుద్దాం, ఉంట మరి.