సీసాలో 20 గ్రాములు: నానో శాస్త్రాన్ని మన కాటా మీద తూచి చూద్దాం

(రైతు శిక్షణా తరగతుల్లో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



పోయిన వానాకాలం, అంటే 2025 ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో యూరియా కోసం మనం ఎట్లా నిలబడ్డామో ఎవరూ మర్చిపోలేదు. తెల్లవారకముందే చెప్పులు వరుసలో పెట్టాం. ఆధార్ జిరాక్సులు, పాస్‌బుక్కులు పట్టుకుని ఎండలో, వానలో నిలబడ్డాం. చివరికి ఒక్క బస్తా చేతికి వస్తే, దానికి తోడు ఒక సీసా కూడా అంటగట్టారు. సీసా తీసుకుంటేనే బస్తా అన్నారు. ఈ హాలులో ఉన్నవాళ్లలో ఎంతమంది ఇళ్లల్లో ఆ సీసాలు మూత తీయకుండా పడి ఉన్నాయో మీకే తెలుసు. మా ఇళ్లల్లోనూ ఉన్నాయి.

ఆ సీసా పేరు నానో యూరియా. ఈరోజు మనం మాట్లాడుకోవాల్సింది దాని గురించే. అయితే సీసా మీద కోపం శాస్త్రం మీద చూపించకూడదు కాబట్టి, ముందు శాస్త్రం సంగతి చూద్దాం.

నానో అంటే మరుగుజ్జు. మీటరులో వంద కోట్లవ వంతు ఒక నానోమీటరు. మన తల వెంట్రుక మందం సుమారు 80 వేల నానోమీటర్లు ఉంటుంది. ఏ పదార్థాన్నయినా వంద నానోమీటర్ల లోపు పరిమాణానికి తెచ్చినప్పుడు దాని గుణం మారుతుంది. ఉపరితలం విపరీతంగా పెరుగుతుంది. బంగారం పసుపు రంగు పోయి ఎర్రగా కనపడుతుంది. 1981లో బిన్నిగ్, రోరర్ అనే శాస్త్రవేత్తలు అణువులను చూడగలిగే సూక్ష్మదర్శిని తయారుచేశాక ఈ రంగం ఊపందుకుంది. 2023లో రసాయన శాస్త్రం నోబెల్ బహుమతి వచ్చింది కూడా నానో కణాల పనికే. కోవిడ్ కాలంలో కొన్ని దేశాల్లో వేసిన ఎంఆర్‌ఎన్‌ఏ టీకాలను శరీరంలోకి చేర్చింది నానో పరిమాణంలో ఉన్న కొవ్వు బుడగలే. మన దేశంలో 2007లో నానో మిషన్ మొదలైంది. హైదరాబాదు బాలాపూర్‌లోని కేంద్ర ప్రభుత్వ పరిశోధనా సంస్థ ఏఆర్‌సీఐలో నానో పదార్థాల మీద పని జరుగుతోంది. కాబట్టి నానో అంటే మోసం అనే మాట మన నోట రాకూడదు. మన ప్రశ్న వేరు. ఈ శాస్త్రం పేరు చెప్పి మనకు అమ్ముతున్నది ఏమిటి, అది ఎంత?

నానో యూరియాను గుజరాత్‌లోని కలోల్‌లో ఇఫ్కో పరిశోధనా కేంద్రం తయారుచేసింది. 2021లో కేంద్రం ఎరువుల నియంత్రణ ఉత్తర్వులో దీనికి చోటు కల్పించింది. అదే ఏడాది మార్కెట్లోకి వచ్చింది. ఇఫ్కో పరాయి దేశపు కంపెనీ కాదు, మన సహకార సంఘాలే వాటాదారులుగా ఉన్న సంస్థ. అందుకే దాన్ని నిలబెట్టి అడిగే హక్కు మనకు ఇంకాస్త ఎక్కువ.

అర లీటరు సీసా ఒక బస్తా యూరియాకు సమానం అని ప్రచారం చేశారు. ఇక లెక్క చూద్దాం. పెన్ను, కాగితం ఉన్నవాళ్లు రాసుకోండి.

బస్తా బరువు 45 కిలోలు. 2018 దాకా 50 కిలోలుండేది, తగ్గించారు, అది వేరే కథ. యూరియాలో నత్రజని 46 శాతం. అంటే బస్తాలో ఉన్నది 20 కిలోల 700 గ్రాముల నత్రజని. మొదట వచ్చిన నానో యూరియాలో నత్రజని 4 శాతం. అర లీటరులో 4 శాతం అంటే 20 గ్రాములు. ఒక పక్క 20 కిలోలు, ఇంకో పక్క 20 గ్రాములు. వెయ్యి రెట్ల తేడా.

"మీరు చల్లిన యూరియాలో మూడో వంతే మొక్కకు అందుతుంది, మిగతాది నీళ్లలో, గాలిలో కలిసిపోతుంది, నానో అయితే ఆకు రంధ్రాల గుండా నేరుగా లోపలికి పోతుంది" అని జవాబు చెబుతారు. మొదటి మాట నిజమే. మనం చల్లే యూరియాలో చాలా భాగం వృథా అవుతోంది. అయినా మూడో వంతే అందిందనుకుందాం, అది 6 కిలోల పైమాటే. సీసాలోది ఒక్క చుక్క కూడా పోకుండా నూటికి నూరు శాతం మొక్కకు అందిందనుకున్నా 20 గ్రాములే. లేని నత్రజనిని ఏ రంధ్రం గుండా పంపగలం?

ఇంకో విధంగా చూడండి. ఎకరాకు 25 క్వింటాళ్ల వడ్లు పండాలంటే గింజలోకీ గడ్డిలోకీ కలిపి పైరు సుమారు 40 కిలోల నత్రజని తీసుకోవాలి. ఆ లెక్కన సీసాలో ఉన్న నత్రజనితో పండేది కిలో, మహా అయితే కిలోంబావు వడ్లు. సీసా ధర 225 రూపాయలు.

ఈ లెక్క మనం ఒక్కరమే వేసింది కాదు. డెన్మార్క్‌లోని కోపెన్‌హాగన్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు ఇద్దరు 'ప్లాంట్ అండ్ సాయిల్' అనే పత్రికలో ఇదే ప్రశ్న లేవనెత్తారు. పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం రెండేళ్లు పొలంలో ప్రయోగం చేసింది. నత్రజని తగ్గించి నానో యూరియా పిచికారీ చేసిన మళ్లలో వరి దిగుబడి 13 శాతం, గోధుమ 21.6 శాతం పడిపోయింది. గింజలో మాంసకృత్తులు కూడా తగ్గాయి. ఇంకో పక్క ప్రభుత్వం 3 నుంచి 8 శాతం దిగుబడి పెరిగిందని, 25 నుంచి 50 శాతం యూరియా ఆదా అయిందని చెబుతోంది. తయారీ సంస్థ కూడా 11 వేల రైతు క్షేత్రాల్లో సగటున 8 శాతం పెరిగిందని చెప్పుకుంది. ఇంత తేడా ఉన్నప్పుడు నిలబెట్టి తేల్చాలా, లేక బస్తాకు లింకు పెట్టి అమ్మాలా?

కొందరు మిత్రులు అడుగుతున్నారు: "మేం సగం యూరియా తగ్గించి సీసా కొట్టాం, పైరుకు ఏం కాలేదు కదా?" న్యాయమైన ప్రశ్న. ఏళ్ల తరబడి ఎరువు వేసిన నేలలో, పశువుల ఎరువు పడిన నేలలో నత్రజని నిల్వ ఉంటుంది. మొదటి పంట అప్పు తెచ్చుకున్నట్టు దాన్ని వాడుకుంటుంది. సీసా కొట్టకుండా వట్టిగా సగం యూరియా తగ్గించినా ఆ పైరు అట్లాగే ఉండేదేమో! ఆ సగం యూరియా మడిని పక్కన పెట్టి చూడనిదే సీసా గొప్పతనం ఎంతో, నేల గొప్పతనం ఎంతో తేలదు.

మరి ఆకు మీద పిచికారీ మనకు కొత్తా? కాదు. బెట్ట వచ్చినప్పుడు, చేను నీట మునిగి తేరుకున్నప్పుడు 2 శాతం యూరియా ద్రావణం కొట్టమని మన విశ్వవిద్యాలయాలు ఏనాటి నుంచో చెబుతున్నాయి. 125 లీటర్ల నీళ్లలో రెండున్నర కిలోల మామూలు యూరియా కలిపితే 1150 గ్రాముల నత్రజని. ఖర్చు 15 రూపాయలు. సీసాకంటే 50 రెట్లకు పైగా నత్రజని, ధరలో పదిహేనో వంతు. ఇది ఎవరూ ప్రకటనలు వేయని సాంకేతికత, ఎందుకంటే దీంట్లో అమ్ముకునేది ఏమీ లేదు.

తర్వాత నత్రజనిని 20 శాతానికి పెంచి నానో యూరియా ప్లస్ తెచ్చారు. 4 శాతమే బస్తాకు సమానమైతే 5 రెట్లు పెంచాల్సిన అవసరం ఎందుకొచ్చింది? పెంచినా వంద గ్రాములే. నానో డీఏపీ సంగతీ ఇంతే. 50 కిలోల బస్తాలో 23 కిలోల భాస్వరం ఉంటే, 600 రూపాయల అర లీటరు సీసాలో ఉన్నది 80 గ్రాములు.

దీని వెనుక సొమ్ము సంగతి కూడా ఉంది. యూరియా బస్తా మనకు 266 రూపాయల 50 పైసలకు వస్తోందంటే, అసలు ఖర్చులో సింహభాగం సబ్సిడీ. సీసా మీద సబ్సిడీ లేదు. ఒక బస్తా మానేసి ఒక సీసా కొంటే కేంద్రానికి సబ్సిడీ మిగులుతుంది, దిగుమతి తగ్గుతుంది. విదేశీ మారకం మిగలడం మంచిదే, మనం కాదనం. అయితే దిగుబడి తగ్గితే ఆ నష్టం ఎవరి ఖాతాలో పడుతుంది? లింకు అమ్మకాలు ఆపించాలని 2025 జూలైలో కేంద్ర వ్యవసాయ మంత్రే ముఖ్యమంత్రులకు లేఖ రాశారు. ఆ తర్వాతి నెలలోనే మన చేతుల్లో సీసాలు పెట్టారు.

ఇప్పుడు మంచి మాట కూడా చెప్పాలి. నానో శాస్త్రానికి వ్యవసాయంలో చోటు ఉంది. మొక్కకు కిలోల్లో కావాల్సిన దాన్ని గ్రాముల్లో ఇవ్వలేం కానీ, గ్రాముల్లోనే కావాల్సినవి కొన్ని ఉన్నాయి. జింకు అట్లాంటిది. తిరుపతి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా కేంద్రంలో మన శాస్త్రవేత్తలు వేరుశనగ మీద నానో జింక్ ఆక్సైడ్ ప్రయోగించి 2012లో ఫలితాలు ప్రచురించారు. 2008-09, 2009-10 యాసంగుల్లో, మామూలుగా వాడే జింకు మోతాదులో పదిహేనో వంతు మాత్రమే పిచికారీ చేస్తే కాయ దిగుబడి మొదటి ఏడు 29.5 శాతం, రెండో ఏడు 26.3 శాతం ఎక్కువ వచ్చింది. విత్తన శుద్ధిలో ఒక మోతాదుకు మొలక బాగుంటే, దానికి రెట్టింపు మోతాదు మొలకను దెబ్బతీసిందని కూడా వాళ్లు దాచకుండా రాశారు. శాస్త్రం అంటే అదీ! మన గడ్డ మీద, మన పన్నులతో జరిగిన ఈ పని గురించి ఎన్ని ఊళ్లల్లో చెప్పారు?

శ్రీలంక శాస్త్రవేత్తలు 2017లో ఇంకో దారి చూపించారు. ఎముకల్లో ఉండే హైడ్రాక్సీ అపటైట్ అనే పదార్థపు నానో కణాలకు యూరియాను పట్టించారు. ఆరు పాళ్లు యూరియా, ఒక పాలు ఆ కణాలు. నీళ్లలో వేస్తే నత్రజని మామూలుకంటే 12 రెట్లు నెమ్మదిగా విడుదలైంది. వరిలో సగం యూరియాతోనే దిగుబడి నిలిచింది. తేడా గమనించండి. అక్కడ నత్రజని మాయం కాలేదు, దానికి ఒక చొక్కా తొడిగారంతే. మనకు వృథా అవుతున్నది ఆపే పరిశోధన కావాలి. అట్లాగే మద్రాసు ఐఐటీలో ప్రదీప్ గారి బృందం తాగునీటిలో పురుగుమందుల అవశేషాలను నానో వెండితో తొలగించే పద్ధతి కనుగొంది. మన పల్లెల్లో మంచినీళ్లకు అట్లాంటివి అందితే కాదనేదెవరు?

కాబట్టి సంఘం తరఫున మన డిమాండ్లు ఇవి. లింకు అమ్మకం చేసిన దుకాణం లైసెన్సు మీద చర్య ఉండాలి. నానో ఎరువుల మీద రెండు రాష్ట్రాల వ్యవసాయ విశ్వవిద్యాలయాలు మన నేలల్లో మూడేళ్లు స్వతంత్రంగా ప్రయోగాలు జరిపి, ఫలితాలు మంచివైనా చెడ్డవైనా తెలుగులో ప్రకటించాలి. పిచికారీ చేసే కూలీల ఊపిరితిత్తులకు ఈ సూక్ష్మ కణాలు ఏం చేస్తాయో కూడా అందులో చూడాలి. సీసా మీద ఎంత శాతం అని కాకుండా ఎన్ని గ్రాముల నత్రజని ఉందో పెద్ద అక్షరాలతో రాయాలి.

వాళ్లు చేసేదాకా మనం చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. సీసాలు ఎట్లాగూ ఇళ్లల్లో ఉన్నాయి. గడువు తేదీ చూసుకోండి. ఈ వానాకాలం ఊరికి ఇద్దరు రైతులు ఒకే మడిలో 5 సెంట్ల చొప్పున నాలుగు ముక్కలు చేయండి. మధ్యలో గట్లు గట్టిగా పోయండి, లేకపోతే నీళ్లతో యూరియా ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి పోయి లెక్క చెడుతుంది. మొదటి ముక్కకు పూర్తి యూరియా. రెండోదానికి సగం, మరేమీ వద్దు. మూడోదానికి సగం యూరియా, దానిమీద 6 లీటర్ల నీళ్లలో 25 మిల్లీలీటర్ల నానో. నాలుగోదానికి సగం యూరియా, 6 లీటర్ల నీళ్లలో 120 గ్రాముల మామూలు యూరియా. పిచికారీ రెండింటికీ ఒకే రోజు, సాయంత్రం పూట. దుబ్బుకు పిలకలెన్నో రాయండి. కోతప్పుడు నాలుగు ముక్కల వడ్లు వేరువేరుగా నూర్చి, తేమ చూసి, మన కాటా మీద తూచండి. ఫొటో తీయండి, బిల్లు దాచండి.

సీసా గెలిస్తే గెలిచిందని ఇదే వార్తాలేఖలో వేస్తాం. ఓడితే ఆ కాగితాలన్నీ కుట్టి కలెక్టరు కార్యాలయంలో ఇస్తాం. ఒప్పుకున్న రైతులు టీ విరామంలో పేరు, ఊరు, మడి నేల ఎర్రదా నల్లదా రాసి ఇవ్వండి. గట్లు పోయడానికి, తూకం దగ్గర నిలబడడానికి సంఘం కార్యకర్తలు వస్తారు.