చెవి చెడకముందే మేలుకొనుడు

పంచాయతీ సభ్యులారా,

ప్రొద్దుటూరు ప్రాంతమున మరమగ్గముల చెంతను, జమ్మలమడుగు ప్రాంతమున బండల పాలిషు యంత్రముల చెంతను, పులివెందుల అరటితోటలకు పోవు ట్రాక్టర్లపైనను యువకులు ఇయర్‌ఫోనులు పెట్టుకొని పాటలు వినుచుందురు. పాటను మేము తప్పుపట్టుటలేదు. యంత్రపు హోరును మించి పాట వినబడవలెనని ధ్వనిని పెంచుటయే ప్రమాదము. అప్పుడు చెవిపై రెండు మోతలును ఒక్కసారిగా పడును. ట్రాక్టరు నడుపువానికి వెనుక వచ్చు లారీ హారనుకూడ వినబడదు.

లోపలి చెవిలో ధ్వనిని గ్రహించు సున్నితమైన కణములు కలవు. అవి ఒకసారి నశించిన మరల పుట్టవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన ప్రకారము 80 డెసిబెళ్ల ధ్వనిని వారమునకు 40 గంటలు వినవచ్చును. 90 డెసిబెళ్లైనచో 4 గంటలు మాత్రమే.

కావున ఫోనులో ధ్వనిని 60 శాతము దాటనీయరాదు. నడుమనడుమ చెవులకు విశ్రాంతి నీయవలెను. యంత్రముల చెంత ఇయర్‌ఫోనులు తీసివేసి, మోతను తగ్గించు చెవి బిరడాలు ధరింపవలెను. చెవిలో గుయ్యిమను మోత, ఎదుటివారి మాట స్పష్టముగా వినబడకుండుట తొలి గుర్తులు. అట్టివారిని ఆశా కార్యకర్తతో చెప్పి ప్రొద్దుటూరు జిల్లా ఆసుపత్రికి పంపుడు.

ఈ సంగతి రాబోవు గ్రామసభలో చెప్పింపుడు. మగ్గముల యజమానులతోను, పాలిషు ఫ్యాక్టరీల వారితోను మాటలాడి కూలీలకు బిరడాలు ఇప్పించుడు. పోయిన వినికిడిని తిరిగి తెచ్చుట వైద్యునికిని కష్టమే. పోకముందు హెచ్చరించుట మాత్రము మీ చేతిలోని పని.