పికప్ బండి బేరము – కాగితాల సంగతి
(సంఘ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠము)



డి.ఆర్. బకాయిల గురించి, మెడికల్ రీయింబర్స్‌మెంటు గురించి ముందు మాట్లాడిన పెద్దలు చెప్పవలసినదంతా చెప్పారు. నాకు కార్యదర్శి గారు అప్పగించిన విషయం వేరు. "మీరు రవాణా శాఖలో పనిచేసినవారు, మొన్నీమధ్య అమెరికా వెళ్ళివచ్చారు, మీ అబ్బాయి బండి బేరం సంగతి ఆఫీసు వరండాలో నలుగురికీ చెబుతుంటారు గదా, అదే సభలో చెప్పండి" అన్నారు. మనలో చాలామంది పిల్లలు ఇక్కడా, అక్కడా సెకండ్‌హ్యాండ్ బండ్లు కొంటున్నారు కనుక ఒప్పుకున్నాను.

మా అబ్బాయి డల్లాస్ దగ్గర సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. 2023 వేసవిలో నేనూ, మా ఆవిడా వెళ్ళేసరికి ఇంట్లో ఒకటే చర్చ. వాడు ఫోర్డ్ ఎఫ్-150 రాప్టర్ అనే పికప్, 2018 మోడల్, పాతది కొనాలంటాడు. కోడలు వద్దంటుంది. ఫోటో చూసి మా ఆవిడ "మిర్చి బస్తాలు వేసుకునే బండి గదరా, దీనికి అంత డబ్బెందుకు?" అన్నది.

ఆ మాట అనడానికి కారణం ఉన్నది. మనకు పికప్ అంటే బొలెరో, టాటా ఏస్. అక్కడ అలా కాదు. ఫోర్డ్ వారి ఎఫ్ సిరీస్ 1977 నుండి ఆ దేశంలో అన్నిటికంటే ఎక్కువగా అమ్ముడయ్యే పికప్. డాక్టర్లు, ప్లీడర్లు కూడా అందులోనే తిరుగుతారు. వాటిలో ఈ రాప్టర్ వేగానికీ, ఇసుక దిబ్బల మీద దూకించడానికీ ప్రత్యేకంగా చేసినది. మొదట 2010 మోడల్‌గా వచ్చింది. 2017 నుండి ఆరు సిలిండర్ల టర్బో ఇంజన్, 450 గుర్రాల బలం, పది గేర్లు.

అయితే పుస్తకం తీసి చూస్తే ఒక విచిత్రం కనబడింది. ఇంత బలమైన బండి, నాలుగు తలుపులది, మోయగలిగిన బరువు సుమారు 1,200 పౌండ్లు, అంటే 545 కిలోలు. మనుషులు కూడా అందులోనే. మన లెక్కలో పన్నెండు మిర్చి బస్తాలు. అదే కంపెనీ మామూలు ఎఫ్-150 తగిన సరంజామాతో తీసుకుంటే దానికి రెట్టింపు పైన మోస్తుంది. మన బొలెరో పికప్ టన్నుకు పైగా మోస్తుంది. గుంటల్లో దూకడానికి మెత్తటి స్ప్రింగులు వేశారు, మెత్తటి స్ప్రింగు బరువు మోయదు. ఈ మాట చెబితే మావాడు "నేనేమన్నా బస్తాలు వేస్తానా నాన్నా?" అన్నాడు. "మరి దిబ్బలు దూకుతావా?" అంటే నవ్వి ఊరుకున్నాడు. వాడు నడిపేది ఇంటి నుంచి ఆఫీసుకు, ఆఫీసు నుంచి ఇంటికి. వాడి కోరిక నాకు అర్థం కాకపోలేదు. నలభై ఏళ్ళు దాటిన మనిషి, పదిహేనేళ్ళుగా తలవంచి పనిచేస్తున్నాడు. ఒక్క బండి మీద మనసు పడ్డాడు.

ఇక లెక్క. అడిగిన ధర 48 వేల డాలర్లు. పది వేలు చేతి నుంచి పెట్టి, 38 వేలు 72 వాయిదాల అప్పు, వడ్డీ ఎనిమిది శాతం. నెలకు 666 డాలర్లు వస్తుంది. ఆరేళ్ళకు వడ్డీయే పదివేలు. పైన టెక్సాస్ అమ్మకపు పన్ను 6.25 శాతం. పెట్రోలు గాలనుకు 16 మైళ్ళు, అనగా లీటరుకు ఏడు కిలోమీటర్లు కూడా రాదు. వాడి పాత కారు అందుకు రెట్టింపు ఇస్తున్నది. టేపు తీసుకుని గారేజీ కొలిచాను. బండి పొడవు పంతొమ్మిది అడుగుల పైన, వెడల్పు అద్దాలు వదిలేస్తేనే ఏడడుగుల పైన. గారేజీ లోతు ఇరవై అడుగులు, అందులో ఒక మూల వాటర్ హీటరు. తలుపు పడదు.

ఇవన్నీ ఒక ఎత్తు, కోడలు నాతో విడిగా చెప్పిన మాట ఒక ఎత్తు. "మామయ్యగారూ, ఆయన ఆఫీసులో మార్చిలో పదిమందిని తీసేశారు. మాది ఇంకా హెచ్-1బి వీసాయే. ఉద్యోగం పోతే అరవై రోజులే గడువు. ఆరేళ్ళ అప్పు పెట్టుకుని ఎట్లా?" అన్నది. నిజమే. ఉద్యోగం ఆగిన రోజు నుండి గరిష్ఠంగా అరవై రోజులలో వేరే యజమాని దొరకాలి, లేదా వేరే దారి చూసుకోవాలి, లేదా దేశం వదలాలి. వాళ్ళ గ్రీన్‌కార్డు వరుస ఎప్పటికి కదులుతుందో చెప్పగలవారు లేరు. మనం ముప్పై ఏళ్ళు పర్మనెంటు ఉద్యోగం చేసి, ఒకటో తారీఖున జీతం అందుకున్నవాళ్ళం. ఆ భయం మనకు తెలియదు. ఆ పిల్ల కళ్ళలో చూశాను.

నేను తీర్పు చెప్పలేదు. "బండి చూద్దాం పద" అన్నాను. చూసి వద్దనుకోవడం వేరు, చూడకుండా వద్దనిపించుకోవడం వేరు. రెండోది జన్మంతా గుచ్చుతుంది.

ఈ ఇంజన్లలో, 2017 నుండి 2020 వరకు వచ్చినవాటిలో, కామ్ ఫేజర్ అనే భాగం నుండి తెల్లవారి స్టార్ట్ చేయగానే ఒకటి రెండు సెకన్లు గరగర శబ్దం వస్తుందని పేరున్నది. కంపెనీ వారే 2021లో దీనికొక ప్రత్యేక కార్యక్రమం ప్రకటించారు, దానికి గడువు కూడా పెట్టారు. ఆ శబ్దం ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే వినబడుతుంది. అందుకని "మేము వచ్చేదాకా స్టార్ట్ చేయవద్దు" అని అమ్మేవాడికి ముందే ఫోను చేయించాను. ఉదయం ఎనిమిదింటికి వెళ్ళాము. బానెట్ మీద చెయ్యి పెడితే వేడిగా ఉన్నది. అడిగితే "పక్కకు తీసి పెట్టాను" అన్నాడు. సరే అన్నాను.

తరువాత నంబరు. అక్కడ చాసిస్ నంబరు పదిహేడు అక్షరాలు, ముందు అద్దం కింద డ్రైవరు వైపు కనబడుతుంది, తలుపు పక్కన స్టిక్కరు మీదా ఉంటుంది. మన ఆఫీసులో చాసిస్ మీద కాగితం పెట్టి పెన్సిల్ ప్రింటు తీసి ఫైలుకు అంటించేవాళ్ళం, గుర్తున్నదా? అదే అలవాటుగా కళ్ళజోడు పెట్టుకుని ఒక్కొక్క అక్షరం చదివాను. నంబరు సరిపోయింది. పేరు సరిపోలేదు. టైటిల్ కాగితం మీద ఉన్న యజమాని వేరు, మా ముందు నిలబడ్డ మనిషి వేరు. వెనుక పాత యజమాని సంతకం ఉన్నది, కొనేవాడి పేరు ఖాళీ. "స్నేహితుడి బండి, మీ పేరే నేరుగా రాసుకోండి, పని సులువు" అన్నాడు.

ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో ఇటువంటి కాగితాలు ఎన్ని చూశాను! సంతకం పెట్టిన ఫారం 29, ఫారం 30, పేరు ఖాళీ, తేదీ ఖాళీ. నలుగురు చేతులు మారిన బండికి ఒకటే కాగితం. అమెరికాలోనూ ఇదే పని, టెక్సాస్‌లో అది చట్టవిరుద్ధము. మధ్యవాడు తన పేరు ఎక్కించుకోకుండా, పన్ను కట్టకుండా తప్పుకుంటాడు. రేపు ఏదన్నా తేలితే పట్టుకోవడానికి మనిషి ఉండడు. "ముందు మీ పేరు మీదికి మార్చుకోండి, తరువాత మా మెకానిక్‌కు చూపించి మాట్లాడుతాము" అని వాడి చేత చెప్పించాను. ఆ మనిషి మళ్ళీ ఫోను ఎత్తలేదు.

ఇక్కడ అమ్మేవారికి కూడా ఒక మాట మనవి చేస్తాను, ఎందుకంటే మన సభ్యులు స్కూటర్లు, కార్లు అమ్మి "వాడే మార్చుకుంటాడులే" అని ఊరుకుంటున్నారు. 2018లో సుప్రీంకోర్టు, నవీన్ కుమార్ కేసులో, రిజిస్టరులో ఎవరి పేరు ఉంటే వారే యజమాని అని స్పష్టంగా చెప్పింది. బండి చేతులు మారి ఎవరో నడిపి ప్రమాదం చేసినా, నష్టపరిహారం నోటీసు పాత యజమానికే వస్తుంది. అదే రాష్ట్రంలో అమ్మితే పద్నాలుగు రోజులలో అమ్మినవారు రిజిస్ట్రేషన్ అధికారికి తెలియజేయాలి. కొన్నవారు బీమా తమ పేరుకు మార్చమని పద్నాలుగు రోజులలోనే కోరాలి. అప్పు తీరిన బండి అయితే ఫారం 35 వేసి హైపోథికేషన్ కొట్టివేయించుకోవాలి. అప్పు తీర్చి, ఆ పని మరచిపోయినవారు ఈ హాలులోనే నలుగురైనా ఉంటారని నా అనుమానం.

మావాడు ఆ తరువాత ఒక డీలరు దగ్గర 2020 మోడల్ చూశాడు. అక్కడ డీలర్లు పాత బండి కిటికీకి కేంద్ర ప్రభుత్వం నిర్ణయించిన ఒక కాగితం అంటించాలి. వారంటీ ఉన్నదా, ఉన్నది ఉన్నట్టుగా అమ్ముతున్నారా అన్నది దాని మీద గడిలో టిక్కు పెట్టి ఉంటుంది. వాడు ఫోనులో దానిని చదివి వినిపించాడు. "ఉన్నది ఉన్నట్టుగా" అనే గడిలో టిక్కు ఉన్నది. "నువ్వే చెప్పు నాన్నా" అన్నాడు. "మీ ఆవిడ ముందర ఇంకోసారి చదువు" అన్నాను. వీసా పొడిగింపు వచ్చేదాకా ఆగుదామని వాళ్ళిద్దరూ కూర్చుని అనుకున్నారట. పొడిగింపు వచ్చింది. బండి మాట మళ్ళీ మొదలయిందని పోయిన ఆదివారం కోడలే ఫోనులో చెప్పింది, ఈసారి నవ్వుతూ. గారేజీలోని వాటర్ హీటరు పక్కకు జరిపితే ఎంతవుతుందో కనుక్కుంటున్నారట.

ఫారం 29, 30, 35 నమూనాలు నా దగ్గర ఉన్నవి. కావలసినవారు ప్రతి నెలా మొదటి శనివారం ఉదయం సంఘ కార్యాలయానికి ఆర్.సి. నకలుతో వస్తే నింపడంలో సాయం చేస్తాను.