అసలు లేని కొసరు



మన వీధిలోకి వచ్చే కూరలావిడ వంకాయలు తూచి ఇచ్చాక, కొసరుగా నాలుగు కరివేపాకు రెబ్బలు బుట్టలో పడేస్తుంది. దానికి డబ్బు అడగదు. మరి ఆవిడే ఒకరోజు వంకాయలు మానేసి, ఒట్టి కరివేపాకే గంపనిండా తెచ్చి ఊరంతా ఉచితంగా పంచిందనుకోండి. జనం మూగుతారు, నిజమే. సాయంత్రం ఆవిడ ఇంట్లో పొయ్యి వెలిగేదెలా?

1998లో అమెరికాలో ఇటువంటి వ్యాపారమే మొదలైంది. అప్పట్లో ఇళ్ళకు ఇంటర్నెట్ ఎక్కువగా టెలిఫోన్ తీగమీద వచ్చేది. అమెరికా ఆన్‌లైన్ అనే పెద్ద కంపెనీ నెలకు దాదాపు 22 డాలర్లు పుచ్చుకునేది. నెట్‌జీరో అనే కొత్త కంపెనీ వచ్చి, మాకేమీ ఇవ్వనక్కరలేదంది. బదులుగా తెరమీద ఎప్పుడూ ప్రకటనలు కదులుతూ ఉంటాయి. ప్రకటనలిచ్చేవారి డబ్బే దాని ఆదాయం. 1999 డిసెంబరులో జూనో కంపెనీ కూడా ఉచిత ఇంటర్నెట్‌తో పోటీకి దిగింది. బ్రిటన్‌లోని ఫ్రీసర్వ్ తీరు వేరు. అక్కడ స్థానిక కాల్‌కు కూడా నిమిషాల లెక్కన చార్జీ ఉండేది. అందులో దానికి వాటా ముట్టేది. చూశారా, ఎక్కడైనా ఎవరో ఒకరు చెల్లించవలసిందే!

ఈ మూడు కంపెనీలూ 1999లోనే షేర్లు అమ్మకానికి పెట్టాయి. లాభమెంత అని కాక, చేరినవారెందరు అని చూసి జనం ఎగబడి కొన్నారు.

అప్పట్లో మా అన్నయ్య అమెరికాలో ఉండేవాడు. అమ్మాయి చదువుకని దాచిన సొమ్ములో కొంత తీసి, ఇలాంటి కంపెనీ ఒకదానిలో పెట్టాడు. "ఏమండీ, అందరికీ ఉచితంగా ఇస్తే వాళ్ళకు డబ్బెక్కడిదండీ?" అని వదిన అడిగింది. "నీకివన్నీ అర్థం కావులే" అని నవ్వేశాడు.

2000 మార్చి 10న 5,048 దగ్గర ముగిసిన అమెరికా నాస్‌డాక్ షేర్ల సూచీ, 2002 అక్టోబరులో 1,114కు పడిపోయింది. అనగా నూటికి ఇరవైరెండు మిగిలాయన్నమాట. ప్రకటనలిచ్చినవాటిలో చాలా భాగం కొత్త ఇంటర్నెట్ కంపెనీలే. అవి మూతపడేసరికి వీటి రాబడీ ఎండిపోయింది. నెట్‌జీరో ఉచిత వాడకాన్ని నెలకు 40 గంటలకు కుదించింది. 2001లో జూనోతో కలిసిపోయి, తక్కువ రుసుముతో కనెక్షన్లు అమ్ముకుంది. ఉచితం వాడుకున్నవారు నష్టపోలేదు. షేర్లు కొని పట్టుకు కూర్చున్నవారు పోగొట్టుకున్నారు. అన్నయ్య పెట్టిన సొమ్ములో పావువంతు కూడా తిరిగి రాలేదు.

కనుక అమ్మా, ఉచితంగా వచ్చింది వాడుకోండి, తప్పులేదు. ఇంట్లో షేర్ల మాట వచ్చినప్పుడు మాత్రం మనకెందుకులే అని వంటింట్లోకి వెళ్ళిపోకండి. వదిన అడిగిన ప్రశ్నే అడగండి. సూటిగా జవాబు వచ్చేదాకా బీరువా తాళాలు కొంగునే ఉంచుకోండి. సెలవు.